దసరాకి కైట్‌సర్ఫింగ్ ట్రిప్: రామేశ్వరమా, కల్పిటియానా?

గోదారి_గాలి
అందరికీ నమస్తే. మేం నలుగురం, హైదరాబాద్‌లో ఒకే ఆఫీసు. కైట్‌సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే బోర్డు మీద నిలబడి నీళ్లపై జారుతూ పోయే ఆట) నేర్చుకుందామని చాన్నాళ్ల నుంచి అనుకుంటున్నాం, ఈసారి దసరా సెలవులకి ముందూ వెనకా లీవులు కలిపి 6 రోజులు ఖాళీ చేసుకున్నాం. దసరా అక్టోబరు మూడో వారంలో పడింది కదా, ఎండలు కూడా తగ్గుతాయి. వెతగ్గా వెతగ్గా రెండు చోట్ల దగ్గర ఆగాం: మన రామేశ్వరం, శ్రీలంకలో కల్పిటియా. నాకు ఈత వచ్చు (భీమవరం కాలవలో నేర్చుకున్న ఈత), ఒకడు గోవాలో సర్ఫింగ్ బోర్డు మీద కాసేపు నిలబడ్డాడు, మిగతా ఇద్దరిదీ స్విమ్మింగ్ పూల్ అనుభవమే. టికెట్లు ఈ వారంలో తీసేద్దామని ఉంది, ఆలస్యమైతే రేట్లు పెరుగుతాయి. ఎక్కడికి వెళ్లమంటారు?

ఇంకో మాట, సెకండ్ హ్యాండ్‌లో 12 మీటర్ల కైట్ (అంటే గుడ్డ 12 చదరపు మీటర్లు) ఒకటి అమ్మకానికి ఉంది, చేత్తో పట్టుకుని కైట్‌ని నడిపే బార్‌తో సహా. కొనేయనా?

అడయార్_తెలుగు
టికెట్లు కొనకండి. కైట్ అసలే కొనకండి.

ఎక్కడికి వెళ్లాలన్నది తర్వాత సంగతి, ముందు ఎప్పుడు వెళ్తున్నారో చూడండి. ఆ రెండు చోట్లా గాలి ఏడాదికి రెండు సీజన్లుగా వస్తుంది. నైరుతి రుతుపవనాలతో మే నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, కల్పిటియాలో ఇది అక్టోబరు మొదట్లోకి కూడా సాగుతుంది. మళ్లీ ఈశాన్యం గాలి డిసెంబరు మధ్య నుంచి మార్చి దాకా. ఈ రెండింటికీ మధ్య గాలి తిరగబడే సమయం ఉంటుంది చూడండి, సరిగ్గా దాని మధ్యలోకి మీ దసరా వచ్చి కూర్చుంది. ఒక రోజు 6 నాట్లు, ఒక రోజు అసలేం ఉండదు, సాయంత్రం ఉరుములతో వాన. కైట్ ఇసకలో పెట్టుకుని ఆకాశం చూస్తూ కూర్చుంటారు. ఆ తర్వాత నవంబరు అంటే బంగాళాఖాతంలో తుఫాన్ల కాలం. ధనుష్కోడి ఊరు కొట్టుకుపోయింది 1964 డిసెంబరు తుఫానులోనే కదా.

గోదారి_గాలి
అయ్యో, 6 నాట్లకి ఎగరదా అన్నా? నాట్ అంటే ఎంత అసలు?

హుస్సేన్‌సాగర్_తెరచాప
ఒక నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు. 10 నాట్లంటే దాదాపు పద్దెనిమిదిన్నర కిలోమీటర్ల వేగం అనుకోండి. నేను కైట్ మనిషిని కాదు, హుస్సేన్‌సాగర్‌లో తెరచాప పడవ నడుపుతాను, కానీ గాలి లెక్క ఎక్కడైనా ఒకటే. చాలామంది తికమక పడేది ఎక్కడంటే, గాలి వేగం రెండింతలైతే లాగే బలం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. అందుకే 12 నాట్లలో హాయిగా ఉన్న కైటే 24 నాట్లలో మనిషిని ఎత్తి అవతల పడేస్తుంది. ఫోర్‌కాస్ట్‌లో సగటు గాలి ఒక్కటే చూసి వదిలేయకండి, పక్కన గస్ట్ అని ఇంకో అంకె ఉంటుంది, ఉన్నట్టుండి వచ్చే విసురు వేగం అది. సగటు 14, గస్ట్ 16 అయితే మంచి రోజు. సగటు 14, గస్ట్ 25 అయితే ఆ రోజు గుడికి వెళ్లి రండి.

సముద్రం_పక్కోడు
ఇంత పెద్ద తీరం మనకి పెట్టుకుని తమిళనాడు, శ్రీలంక ఎందుకండీ? వైజాగ్ రుషికొండ ఉంది, బాపట్ల సూర్యలంక ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం రుషికొండ వస్తే తెలుస్తుంది గాలి ఎలా కొడుతుందో, టోపీ నిలవదు.

అడయార్_తెలుగు
గాలి ఉంటుంది, కాదనను. కానీ నేర్చుకునేవాడికి గాలి ఒక్కటే సరిపోదు. రుషికొండలో అల ఒడ్డు దగ్గరే విరిగి మీద పడుతుంది. చేతిలో బార్, పైన కైట్, కాళ్ల కింద ఆ అల, మూడూ ఒకేసారి అంటే కొత్తవాళ్లకి నరకమే. పైగా వానాకాలంలో మన తీరంలో పడమటి గాలి, అంటే నేల మీద నుంచి సముద్రంలోకి వీచేది. కైట్ నీళ్లలో పడిందంటే మీరూ దాంతోపాటు లోపలికే పోతారు, ఒడ్డుకి కాదు. ఎక్కడికి వెళ్లినా మొదట అడగాల్సింది ఇదే: గాలి ఒడ్డు వైపుకి ఏటవాలుగా వస్తోందా, ఒడ్డు నుంచి బయటికి పోతోందా? ఏటవాలుగా ఒడ్డుకి వస్తుంటే సరే. బయటికి పోతుంటే, వెంట రెస్క్యూ బోటు లేకపోతే దిగనే కూడదు.

సూర్యలంక పక్కన వైమానిక దళం స్టేషన్ ఉంది, వైజాగ్‌లో నేవీ ఉంది, ఆకాశంలోకి పెద్ద పెద్ద కైట్లు లేపితే ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు.

నెల్లూరు_చేపలపులుసు
మరి పులికాట్ సరస్సు? నీళ్లు మోకాలి లోతు, అలలు లేవు, సూళ్లూరుపేట దాకా రైలు. నాకైతే ఎప్పటి నుంచో డౌటు.

రెండు_జడలు
నీళ్ల వరకు చూస్తే పులికాట్‌ని మించింది లేదండీ, నిజమే. కానీ అది పక్షుల అభయారణ్యం, శీతాకాలం నిండా ఫ్లెమింగోలే. ఆ పక్కనే శ్రీహరికోట. మర్చిపోండి :)

ఇప్పుడు అసలు ప్రశ్నకొస్తాను, నేను రెండు చోట్లా నేర్చుకున్నాను, బెంగళూరు నుంచి వెళ్లి. ముందే చెప్తున్నా, పెద్ద పోస్టు.

కల్పిటియా అంటే పుత్తళం జిల్లాలో సముద్రంలోకి చొచ్చుకొచ్చిన సన్నటి నేల. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క సరస్సు, మధ్యలో ఇసక మేట. గాలి సముద్రం మీద నుంచి వచ్చి ఆ మేటని దాటి సరస్సు మీద పడుతుంది. మేట అలల్ని ఆపేస్తుంది, గాలిని ఆపదు. అందుకే ఒడ్డు వార నీళ్లు నేల మీద దుప్పటి పరిచినట్టు ఉంటాయి, చాలా చోట్ల నడుము లోతే. పడితే లేచి నిలబడొచ్చు. నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే కావాల్సింది లేదు. జూన్, జులై, ఆగస్టుల్లో అక్కడ 20 నాట్లు మామూలు, రోజుల తరబడి తగ్గదు. మొదట్లో సంబరంగానే ఉంటుంది, కొన్నాళ్లకి ఆ హోరు చెవుల్లోంచి పోదు, అన్నంలో ఇసక. చిన్న కైట్లు, ఎక్కువ విసురు. చలికాలం గాలి దానికంటే మెత్తన, కొత్తవాళ్లకి నన్నడిగితే అదే నయం. చలికాలంలో వెళ్తే డాల్ఫిన్లని చూడ్డానికి పొద్దున్నే పడవలు కూడా ఉంటాయి, గాలి లేవకముందే వెళ్లి రావచ్చు.

ఇబ్బందులూ చెప్పాలి. జనం. సీజన్‌లో యూరప్ నుంచి వచ్చినవాళ్లతో సరస్సు నిండిపోతుంది, ఒకరి తాళ్లు ఒకరికి చుట్టుకోకుండా చూసుకోవడమే సగం పని. తాళ్లు 20 మీటర్ల పైనే ఉంటాయి, అంటే ఒక్కొక్కరూ చుట్టూ ఎంత చోటు తింటారో చూసుకోండి. నీళ్ల అడుగున ఆల్చిప్పలుంటాయి, అరికాలు కోసుకుపోతుంది, రబ్బరు బూట్లు తప్పనిసరి. కొలంబో ఎయిర్‌పోర్ట్ నుంచి కారులో దాదాపు మూడు గంటలు.

రామేశ్వరం వేరే రకం. పాంబన్ ద్వీపం ధనుష్కోడి వైపు సన్నగా తోకలా సాగుతుంది, రెండు పక్కలా సముద్రమే. గాలి దక్షిణం నుంచి వస్తే ఒక ఒడ్డు, ఈశాన్యం నుంచి వస్తే ఇంకో ఒడ్డు, కాలాన్ని బట్టి స్కూల్ వాళ్లే మారుస్తారు. జనం చాలా తక్కువ, నేను వెళ్లినప్పుడు నీళ్ల మీద నాలుగైదు కైట్లకి మించి లేవు. నేర్చుకునేవాడికి ఖాళీ నీళ్లు దొరకడం ఎంత అదృష్టమో, కల్పిటియాలో ఒకసారి ఎవరి తాళ్లలోనో పడితే అర్థమవుతుంది. కానీ చిన్న ఊరు, గుడి ఊరు, సాయంత్రాలు కాఫీ తప్ప వేరే కాలక్షేపం ఉండదు. చీకటి పడ్డాక ధనుష్కోడి వైపు వదలరు. శ్రీలంక సరిహద్దు దగ్గర కాబట్టి గస్తీ కూడా ఉంటుంది, గాలివాటుకి ఎటు పడితే అటు పోతామంటే కుదరదు. ఇంకోటి, 2025 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం ధనుష్కోడి ప్రాంతాన్ని ఫ్లెమింగో అభయారణ్యంగా ప్రకటించింది. ఇప్పుడు ఏ నీళ్లలో దిగనిస్తున్నారో, ఎక్కడ వద్దంటున్నారో బుక్ చేసే ముందే అడిగి తేల్చుకోండి.

మీ నలుగురికీ నా ఓటు రామేశ్వరానికే. కానీ జనవరిలో.

గోదారి_గాలి
అక్కా, ఇంత ఓపిగ్గా రాసినందుకు థాంక్స్. జనవరి అంటే సెలవులు సంక్రాంతికే దొరుకుతాయి. సంక్రాంతికి భీమవరం రాకుండా కైట్ ఎగరేయడానికి సముద్రానికి పోతున్నానంటే మా అమ్మ నన్నే దారం కట్టి ఎగరేస్తుంది.

చార్మినార్_మాంజా
😂😂 సంక్రాంతికి పతంగులు ఎగరేయాలంటే ధూల్‌పేట రా భాయ్, రామేశ్వరం ఎందుకు. అయినా ఒకటి అడుగుతా, చిన్నప్పటి నుంచి పతంగి ఎగరేసినోళ్లకి ఇది తొందరగా వస్తదా?

రెండు_జడలు
రాదు, పైగా అడ్డం పడుతుంది. పతంగి దారం ఒకటే, ఢీల్ ఇస్తే పోతుంది, గుంజితే పైకి లేస్తుంది. ఇక్కడ నాలుగు తాళ్లు, బార్‌ని దగ్గరికి లాక్కుంటే కైట్‌కి బలం పెరుగుతుంది, దూరం తోస్తే తగ్గుతుంది. భయం వేసినప్పుడు మనిషి చేతిలో ఉన్నదాన్ని గట్టిగా పట్టుకుని గుండెకి లాక్కుంటాడు, అది సహజం. ఇక్కడ సరిగ్గా అదే కొంప ముంచుతుంది. వదిలేయడం నేర్పించడానికే మొదటి రోజంతా పోతుంది.

డల్లాస్_బావ
తమ్ముడూ, ఆ 12 మీటర్ల కైట్ సంగతి ఎవరూ చెప్పలేదు. నేను ఇక్కడ టెక్సస్‌లో సౌత్ పాడ్రే ఐలాండ్ వెళ్తుంటాను, మా పక్క ఆ లాగూనా మాద్రే సరస్సు కూడా మీ కల్పిటియా లాంటిదే, లోతు లేని నీళ్లు, ఆగని గాలి. డల్లాస్ నుంచి పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి చేరతాం, అది వేరే కథ.

నేర్చుకోకముందే కైట్ కొనడం అనవసరం. 75 కిలోల మనిషికి 20 నాట్ల గాలిలో 9 మీటర్లు సరిపోతుంది, 25 దాటితే 7. ఆ 12 మీటర్లది 14, 15 నాట్ల రోజులకి. నీ బరువెంతో, నువ్వెళ్లే చోట గాలెంతో తెలియకుండా ఏ సైజు కొంటావు? కోర్సులో సామాను స్కూల్‌దే ఉంటుంది.

అయినా కొంటానంటే మాత్రం ఫొటోలు చూసి కొనకు. గాలి కొట్టించి ఒక రాత్రంతా వదిలెయ్, పొద్దునకి మెత్తబడితే లోపల గాలి నింపే తిత్తో (బ్లాడర్), వాల్వో పోయిందన్నమాట. గుడ్డని వేళ్లతో నలుపు, కొత్త గుడ్డ గరగరలాడుతుంది, ఎండకి మగ్గింది మెత్తగా పాత లుంగీలా అయిపోతుంది. తర్వాత తాళ్లు. నాలుగింటి కొసల్నీ ఒకే కొక్కేనికి తగిలించి బార్ పట్టుకుని వెనక్కి లాగు, బార్ దగ్గరికి లాక్కున్నప్పుడు నాలుగూ సమానంగా బిగుసుకోవాలి. వాడిన బార్‌లో ముందు తాళ్లు రెండూ సాగి ఉంటాయి, ఎందుకంటే ఎక్కువ బరువు మోసేవి అవే. అవి సాగితే వెనక తాళ్లు పొట్టివైనట్టే లెక్క, అప్పుడు కైట్ ముందుకి పోకుండా వెనక్కి జారి నీళ్లలో కూలుతుంది. కొత్తవాడు ఇదంతా తన చేతకానితనం అనుకుంటాడు. ఆఖరున ఎమర్జెన్సీ రిలీజ్, అంటే ప్రమాదంలో కైట్ లాగుడుని ఒక్కసారిగా వదిలించేది. దాన్ని నువ్వే స్వయంగా నెట్టి చూడు. ఉప్పు, ఇసక చేరి బిగుసుకుపోయి ఉంటే ఆ బేరం అక్కడే వదిలెయ్. బాగా పాత మోడళ్లలో బార్ తోసినా బలం పెద్దగా తగ్గదు, అవి చవగ్గా వస్తాయి, ఊరికే ఇచ్చినా వద్దు.

లెక్కల_మాస్టారు
ఒక చిన్న విషయం. గాలితో ఉబ్బే ఈ కైట్‌కి పేటెంట్ తీసుకున్నది ఫ్రాన్స్‌కి చెందిన లెగెన్యూ సోదరులు, 1984లో. గాలి నింపిన గొట్టాలు ఉండడం వల్లే నీళ్లలో పడ్డాక మునగకుండా తేలి, మళ్లీ లేస్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈ ఆట మొదటిసారి చేరింది, పోటీలు మార్సేలో జరిగాయి. ఆ పోటీల్లో వాడే కైట్లు మాత్రం వేరు, గొట్టాలు లేని, గాలి వాటంతటదే నిండే రకం. కింద బోర్డుకి నీళ్లలో రెక్క ఉంటుంది కాబట్టి బోర్డు నీటి పైకి లేచి గాల్లో తేలుతూ పోతుంది.

సముద్రం_పక్కోడు
మాస్టారూ, అదంతా బానే ఉంది, వాళ్లు ఎప్పుడు వెళ్లాలో తేల్చండి ముందు.

అడయార్_తెలుగు
తేలిపోయింది కదా. సంక్రాంతి మూడు రోజులూ ఊళ్లో ఉండండి, కనుమ మర్నాడు బయల్దేరి జనవరి 26 సెలవు దాకా ఏదో ఒక వారం పట్టుకోండి. మొత్తం 9 నుంచి 12 గంటల పాఠం పడుతుంది మామూలుగా, రోజుకి రెండు మూడు గంటలకి మించి ఒళ్లు సహకరించదు. అంటే నికరంగా నాలుగు రోజులు గాలి కావాలి. ఒక రోజు గాలి రాదని ముందే రాసిపెట్టుకుని 6 రోజులూ అక్కడే ఉండండి. నాలుగు రోజులు పెట్టుకుని వచ్చి, రెండు రోజులు గాలి లేక, ‘బాడీ డ్రాగ్’ (బోర్డు లేకుండా కైట్ లాగుతుంటే నీళ్లలో ఈడ్చుకుపోవడం) దాకా మాత్రమే నేర్చుకుని తిరిగెళ్లినవాళ్లని చాలామందిని చూశాను. డబ్బు మొత్తం అయిపోతుంది, బోర్డు మీద నిలబడేది ఉండదు.

గాలి ఫోర్‌కాస్ట్‌కి విండ్‌గురు, విండీ సైట్లు రెండూ చూడండి. వారం ముందు చూపించేదాన్ని నమ్మి గొడవపడకండి, మూడు రోజుల ముందు నుంచే కాస్త లెక్కలోకి వస్తుంది. ఎండ ఎక్కాక నేల వేడెక్కి గాలి పెరుగుతుంది చూడండి, దాన్ని ఫోర్‌కాస్ట్ తరచూ తక్కువ చేసి చూపిస్తుంది.

గోదారి_గాలి
ఇంట్లో మాట్లాడాను. అనుకోని మలుపు: రామేశ్వరం అనగానే అమ్మ ‘మేమూ వస్తాం, ఎప్పటి నుంచో మొక్కు ఉంది, 22 తీర్థాల స్నానం చేయాలి’ అంది. నాన్న టైమ్‌టేబుల్ తీశారు. ఇప్పుడు నలుగురం కాదు, ఆరుగురం. కల్పిటియా ఆటోమేటిక్‌గా పోయింది.

చార్మినార్_మాంజా
సూపర్ భాయ్. పొద్దున తీర్థం, మధ్యాహ్నం ఉప్పునీళ్లు. పుణ్యం, ఫిట్‌నెస్ రెండూ.

నెల్లూరు_చేపలపులుసు
తిరుపతి నుంచి రామేశ్వరానికి ఎక్స్‌ప్రెస్ ఉంది, పెద్దవాళ్లకి అది సుఖం. 2025 ఏప్రిల్‌లో కొత్త పాంబన్ వంతెన తెరిచాక రైళ్లు మళ్లీ ద్వీపం దాకా వెళ్తున్నాయి, అంతకుముందు రెండేళ్లకి పైగా ఇవతల మండపం, రామనాథపురం దగ్గరే దిగాల్సి వచ్చేది. విమానమైతే మదురై, అక్కడి నుంచి రోడ్డు మీద 170 కిలోమీటర్ల పైచిలుకు.

రెండు_జడలు
అమ్మగారు వస్తున్నారు కాబట్టి ఇది ఇంకా గట్టిగా చెప్పాలి. ఆవిడ ఒడ్డున కుర్చీ వేసుకుని చూస్తానంటారు, వేసుకోనివ్వండి, కానీ గాలి పోయే వైపు కాదు, గాలి వచ్చే వైపు. కైట్ అదుపు తప్పితే గాలివాటునే పడుతుంది. తాళ్లు నేల మీద పరిచి ఉన్నప్పుడు ఎవరూ వాటిని దాటకూడదు. అవి బిగుసుకున్నప్పుడు మాంజా కంటే ఏం తక్కువ కోయవు.

మీ నలుగురికీ: ఒడ్డు మీద కైట్‌ని నడినెత్తిన పెట్టుకుని నిలబడి కబుర్లు చెప్పుకోకండి. నెత్తి మీద ఉంటే చూడ్డానికి బుద్ధిగా కనిపిస్తుంది, కానీ ఒక్క విసురు వస్తే నేరుగా పైకి లేపేస్తుంది, కింద ఇసకో, బండో, వలలు కట్టిన పడవో ఉంటుంది. పక్కకి, కిందకి వాల్చి ఉంచండి, లేపగానే నీళ్లలోకి నడవండి. లేపడానికీ దింపడానికీ ఎవరిని పడితే వారిని పట్టుకోమనొద్దు. సెల్ఫీకి వచ్చిన టూరిస్టు ‘నేను పట్టుకుంటా బ్రో’ అని వస్తాడు, నవ్వి వద్దనండి.

జాలరులతో మర్యాదగా ఉండండి. ఒడ్డు వాళ్లది. వలలు ఆరేసిన చోట కైట్ పరచడం, పడవ తాళ్ల మధ్యలోంచి పోవడం చేస్తే మీ తర్వాత వచ్చేవాళ్లకి కూడా ఆ ఒడ్డు ఉండదు. నీళ్లలో కనిపించే తేలుబిళ్లల వరసంటే కింద వల ఉందని అర్థం, అటు వెళ్లకండి. జెల్లీఫిష్ ఉంటాయి, పొడుగు చేతుల రాష్‌గార్డ్ వేసుకోండి, ఎండకీ అదే కాపు.

గోదారి_గాలి
నోట్ చేసుకున్నాను. పూల్ వరకే ఈత వచ్చినవాళ్ల సంగతి? వాళ్లకి అసలు టెన్షన్ ఇదే.

అడయార్_తెలుగు
ఈత పోటీలో గెలవక్కర్లేదు. లోతు తెలియని నీళ్లలో కాళ్లు అందకపోయినా కంగారుపడకుండా పది నిమిషాలు తేలగలిగితే చాలు, ఒంటి మీద తేల్చే జాకెట్ (వెస్ట్) ఎలాగూ ఉంటుంది. ఇప్పటి నుంచి జనవరి దాకా టైముంది, వారానికి రెండు సార్లు పూల్‌కి పంపండి, లోతు వైపుకి. ఏ చెరువులోకో వాళ్లని ఒంటరిగా మాత్రం పంపకండి.

హుస్సేన్‌సాగర్_తెరచాప
డబ్బు కట్టే ముందు స్కూల్‌ని అడగాల్సినవి చెప్తాను, పడవల కోర్సుల్లోనూ ఇదే తంతు. గాలి లేని రోజుకి డబ్బు వెనక్కి ఇస్తారా, ఇంకో తేదీకి మారుస్తారా, లేక పోయినట్టేనా? కైట్ చిరిగితే ఎవరు పెట్టుకోవాలి? ఒక టీచర్‌కి ఎంతమంది? హెల్మెట్‌లో రేడియో ఉంటుందా? మిమ్మల్ని తేవడానికి బోటు ఉందా? టీచర్‌కి ఐకేఓ (అంతర్జాతీయ కైట్‌బోర్డింగ్ సంస్థ) లాంటి వాళ్లిచ్చే సర్టిఫికెట్ ఉందా? వీటికి ఫోన్‌లో తడబడకుండా జవాబు చెప్పేవాళ్ల దగ్గర కొంచెం ఎక్కువైనా కట్టండి. ‘వచ్చాక చూద్దాం సార్’ అంటే ఇంకో స్కూల్ చూసుకోండి.

డల్లాస్_బావ
+1. ఇన్సూరెన్స్ కూడా. మామూలు ట్రావెల్ పాలసీల్లో సాహస క్రీడలు వర్తించవని లోపల చిన్న అక్షరాల్లో ఉంటుంది చాలాసార్లు. కంపెనీకి మెయిల్ పెట్టి, కైట్‌సర్ఫింగ్ అనే మాటతోనే, కవర్ అవుతుందో లేదో రాతపూర్వకంగా తెప్పించుకో.

గోదారి_గాలి
అయితే ఇదీ ప్లాన్: జనవరి 19న మదురై, 26 పొద్దున తిరుగు ప్రయాణం. అమ్మానాన్న తిరుపతి నుంచి రైల్లో. ఇద్దరికి ఒక టీచర్ అడిగాను, ఒప్పుకున్నారు. గాలి లేకపోతే ఆ గంటలు మార్చి వరకు వాడుకోవచ్చట. ఫ్లెమింగోల సంగతి కూడా అడిగాను, ఎక్కడెక్కడ దిగకూడదో మ్యాప్ పంపుతామన్నారు. కైట్ అమ్మేవాడికి వద్దని చెప్పేశాను.

చార్మినార్_మాంజా
భాయ్, ఇద్దరికి ఒక టీచర్ అంటే నలుగురికి ఇద్దరు. ఐదోవాడికి ఏమన్నా చోటుందా? సీరియస్‌గానే అడుగుతున్నా, ఈత వచ్చు నాకు.

గోదారి_గాలి
ఇన్‌బాక్స్‌లోకి రా, బరువెంతో చెప్పు, కైట్ సైజులు పంపాలట వాళ్లకి.